సరూర్‌నగర్ చెరువు ఒడ్డు ఎవరు గీయాలి: ఉపగ్రహ చిత్రాల విశ్లేషణపై ఒక సంవాదం

దిల్‌సుఖ్‌నగర్ నుంచి చైతన్యపురి, కొత్తపేటల మీదుగా ఎల్.బి.నగర్ దాకా సాగే రహదారికి అటూ ఇటూ కోచింగ్ సెంటర్లతోపాటు మరో వృత్తి కూడా వేళ్లూనుకుంది. ఎం.టెక్., ఎమ్మెస్సీ, పీహెచ్.డీ. విద్యార్థులకు కోడ్, పటాలు, డాక్యుమెంటేషన్ తయారుచేసిపెట్టే ప్రాజెక్టు సెంటర్ల వృత్తి అది. విద్యార్థి ఒక బేస్ పేపర్ తెస్తాడు, అంటే తన ప్రాజెక్టుకు నమూనాగా ఎంచుకున్న ప్రచురిత వ్యాసం; దాన్ని చూసి అక్కడివారు మ్యాట్‌ల్యాబ్‌లోనో పైథాన్‌లోనో కోడ్ రాస్తారు, ఉపగ్రహ చిత్రాలను వర్గీకరించి రంగుల పటాలుగా మారుస్తారు, వైవాకు ముందు విద్యార్థిని కూర్చోబెట్టి ఆ కోడ్ ఏం చేస్తుందో వివరిస్తారు. ఈ సేవ పరిశోధనకు ఊతమా, లేక పరిశోధనను లోపల్నుంచి తినేస్తోందా అన్నది ఈ సంవాదంలో చర్చనీయాంశం. వక్తలిద్దరూ, ఒక భూగోళశాస్త్ర ఆచార్యురాలూ, దిల్‌సుఖ్‌నగర్‌లో ఉపగ్రహ చిత్రాల విశ్లేషణ సంస్థ నడిపే నిర్వాహకుడూ, కల్పిత పాత్రలు. వారు మాట్లాడుకునే చెరువు, పద్ధతులు, కొలతలు మాత్రం వాస్తవమైనవి.

ఉపగ్రహ చిత్రం అంటే గళ్లుగళ్లుగా పేర్చిన అంకెల పట్టిక. ఒక్కో గడిని పిక్సెల్ అంటారు. ఆ గడి కింద ఉన్న నేల ఎంత కాంతిని తిప్పి పంపిందో అందులోని అంకె చెబుతుంది. కంటికి కనిపించే రంగులతోపాటు కంటికి అందని సమీప పరారుణ కాంతిని కూడా పరికరం విడిగా కొలుస్తుంది కాబట్టి, ఏ గడిలో నీరుంది, ఏ గడిలో పచ్చదనముంది, ఏ గడిలో కాంక్రీటుంది అని అంకెలను బట్టే తేల్చవచ్చు. 1972లో అమెరికా ఉపగ్రహం ల్యాండ్‌శాట్‌తో మొదలైన ఈ విద్యకు మన దేశంలో కేంద్రస్థానం హైదరాబాదే. జాతీయ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ 1974లో ఇక్కడ ఏర్పడింది, షాద్‌నగర్‌లో దాని భూకేంద్రం 1979 నుంచి చిత్రాలు అందుకుంటోంది, మన సొంత ఐఆర్ఎస్-1ఏ 1988 మార్చిలో కక్ష్యలోకి వెళ్లింది, ఆ ఏజెన్సీయే 2008లో ఇస్రో కేంద్రంగా మారి నేడు ఎన్‌ఆర్‌ఎస్‌సీ పేరుతో బాలానగర్‌లో ఉంది. ల్యాండ్‌శాట్ పాత చిత్రాలన్నీ 2008లో ఉచితం కావడంతో, అంతకుముందు ఒక్కో చిత్రానికి డబ్బు కట్టలేక ఆగిపోయిన విద్యార్థి ఇప్పుడు అరశతాబ్దపు చిత్రాలను ఇంట్లో కూర్చుని దింపుకోగలడు. చిత్రం ఉచితమైంది, దాన్ని చదవడం మాత్రం ఉచితం కాలేదు. ప్రాజెక్టు సెంటర్లకు చోటు దొరికింది ఈ ఖాళీలోనే.

ఆచార్యురాలు: సరూర్‌నగర్ చెరువు యాభై ఏళ్లలో ఎంత కుంచించుకుపోయిందన్న ప్రశ్నతో ఒక విద్యార్థి పరిశోధన మొదలుపెడతాడు. చిత్రాలు దింపుకోవడం నుంచి చివరి పటం దాకా అంతా మీ ఆఫీసులో చేయించుకుంటాడు. వైవాలో పరీక్షకుడు నీటికీ నేలకూ మధ్య గీత ఏ విలువ దగ్గర గీశావని అడిగితే నోరు మెదపలేడు. అప్పుడు ఆ పట్టా ఎవరికి చెందాలి? పటం కింద సంతకం విద్యార్థిది, పటంలోని ప్రతి నిర్ణయమూ మీ దగ్గర పనిచేసే కుర్రవాడిది. పరిశోధన అంటే ఆ నిర్ణయాలేగదండీ.

నిర్వాహకుడు: మేడమ్, వైద్యుడు రక్తాన్ని తానే పరీక్షించడు, ల్యాబ్‌కు పంపుతాడు, అంతమాత్రాన రోగనిర్ధారణ ల్యాబ్‌ది అయిపోదు. యూజీసీ నియమం ప్రకారం ఒక ప్రొఫెసర్ దగ్గర ఎనిమిది మంది దాకా పీహెచ్.డీ. స్కాలర్లు ఉండవచ్చు, ఆ ఎనిమిది మందికీ చిత్రాల సవరణ, వాటిని నేల మీది స్థానాలకు సరిపెట్టే జియోరిఫరెన్సింగ్, గళ్లను వర్గీకరించే క్లాసిఫికేషన్ దగ్గరుండి నేర్పే తీరిక ఏ విభాగంలో ఉంది? విద్యార్థి యూట్యూబ్ చూసి సొంతంగా చేసిన తప్పుడు పటం కన్నా, పదేళ్లుగా అదే పనిలో ఉన్న మనిషి చేసిన సరైన పటమే శాస్త్రానికి మేలు చేస్తుంది.

ఆచార్యురాలు: ల్యాబ్ రిపోర్టులో హిమోగ్లోబిన్ ఇంత అని వస్తుంది, దానికి ఒప్పుకున్న ప్రమాణం ఉంది, ఏ ల్యాబ్‌కు పంపినా దాదాపు అదే అంకె రావాలి. చెరువు ఒడ్డుకు అలాంటి ప్రమాణం లేదు. లెక్క వేసి చూడండి. సరూర్‌నగర్ చెరువు విస్తీర్ణం 99 ఎకరాలని చెప్పుకుంటాం, అంటే సుమారు 4 లక్షల చదరపు మీటర్లు. 1970ల నాటి ల్యాండ్‌శాట్ పరికరం ఒక్కో పిక్సెల్‌లో చూసిన నేల దాదాపు 80 మీటర్ల చదరం. ఆ లెక్కన చెరువంతా కలిపి అరవై పైచిలుకు గళ్లు. 1980లలో వచ్చిన 30 మీటర్ల చిత్రంలో సుమారు 445 గళ్లు. 2015లో ఎగిరిన సెంటినెల్-2 ఇచ్చే 10 మీటర్ల చిత్రంలో నాలుగు వేలు. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చెరువు ఇన్ని ఎకరాలు తగ్గిందని పట్టిక వేస్తే, అందులో చెరువు తగ్గినది ఎంత, గడి తగ్గినది ఎంత?

ఇక్కడ ఆచార్యురాలి ప్రశ్నను కొంత విడమరచి చూడాలి. ఒడ్డు మీద పడే గడిలో సగం నీరు, సగం మట్టి ఉంటాయి. అలాంటి గడిని మిశ్రమ పిక్సెల్ అంటారు, దానికి అంకె ఒక్కటే కాబట్టి అది నీటికీ నేలకూ నడుమ ఎక్కడో నిలుస్తుంది. 99 ఎకరాల చెరువు పూర్తిగా గుండ్రంగా ఉందనుకున్నా ఒడ్డు పొడవు దాదాపు 2.2 కిలోమీటర్లు, 30 మీటర్ల చిత్రంలో ఆ ఒడ్డు మీద కనీసం 75 గళ్లు పడతాయి. అసలు చెరువులు వంకరటింకరగా ఉంటాయి కనుక సంఖ్య ఇంకా పెరుగుతుంది. ఆ 75 గళ్లనూ నీటిలో కలిపితే ఒక విస్తీర్ణం, నేలలో కలిపితే మరో విస్తీర్ణం. రెండింటి మధ్య తేడా సుమారు 17 ఎకరాలు. పైగా, 10 హెక్టార్లకు మించిన చెరువులకు పూర్తి నీటిమట్టపు హద్దు, అంటే ఎఫ్‌టీఎల్, నుంచి 30 మీటర్ల దాకా కట్టడాలు ఉండకూడదని 2012 నాటి 168వ నంబరు జీవో చెబుతోంది. చట్టం గీసిన ఆ బఫర్ జోన్ వెడల్పు ల్యాండ్‌శాట్ చిత్రంలో సరిగ్గా ఒక్క గడి. 2024 జులైలో చెరువుల ఆక్రమణలను తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా ఏర్పడ్డాక, చెరువు గర్భంలోని శిఖం భూముల గురించిన వాదాల్లో పాత ఉపగ్రహ చిత్రాల మాట సామాన్యుల ఇళ్లలోనూ వినిపిస్తోంది. విశ్వవిద్యాలయపు థీసిస్‌లో ఉన్న పటాన్ని రేపు ఎవరైనా సాక్ష్యంగా చూపవచ్చు. అందుచేత ఆ ఒక్క గడి ఎలా తేలిందన్నది తరగతి గది దాటిన ప్రశ్న.

నిర్వాహకుడు: మీరు చెప్పిన ఈ లెక్కే నిపుణుడు ఎందుకు కావాలో చెబుతోంది. మూడు రకాల గళ్లను తిన్నగా పోల్చకూడదని, ముందు అన్నింటినీ ముతక కొలతకు తెచ్చి ఆ తర్వాతే తేడా లెక్కించాలని తెలియని విద్యార్థులు వారానికి ఇద్దరు ముగ్గురు వస్తుంటారు. ఒకరు ఏప్రిల్ చిత్రాన్నీ నవంబరు చిత్రాన్నీ పోల్చి చెరువు పెరిగిందంటారు. వాతావరణపు పొగమంచు ప్రభావం తీసేయకుండా లెక్కలు వేసి తెస్తారు. ఆ తప్పులను దిద్ది పంపే చోటు విశ్వవిద్యాలయంలో ఉంటే దిల్‌సుఖ్‌నగర్ దాకా వచ్చే పని వాళ్లకేముంటుంది?

ఆచార్యురాలు: దిద్దడం వేరు, చేసిపెట్టడం వేరు. ఇప్పుడు చెరువును కమ్మేసే గుర్రపుడెక్క మొక్క సంగతే తీసుకోండి.

ఆమె తెచ్చిన ఉదాహరణ ఈ వాదంలో కీలకమైనది కనుక దాని వెనుక ఉన్న పద్ధతి ముందు తెలుసుకోవాలి. నీటిని గుర్తించడానికి 1996లో మెక్‌ఫీటర్స్ ప్రతిపాదించిన జలసూచిక, పరిశోధకులు వాడుకగా ఎన్‌డీడబ్ల్యూఐ అనేది, చాలా సులువైన సూత్రం: ఆకుపచ్చ కాంతి విలువ నుంచి సమీప పరారుణ విలువను తీసివేసి, ఆ రెండింటి మొత్తంతో భాగించాలి. ఫలితం -1కీ +1కీ మధ్య ఉంటుంది. నీరు సమీప పరారుణ కాంతిని దాదాపు పూర్తిగా మింగేస్తుంది కాబట్టి నీటిగడి విలువ సున్నాకు పైన, పచ్చని ఆకు అదే కాంతిని బలంగా తిప్పికొడుతుంది కాబట్టి మొక్కలున్న గడి విలువ సున్నాకు కింద వస్తుంది. కొన్ని కట్టడాలు కూడా ఈ సూచికలో నీటిలా కనిపిస్తాయని గమనించి, 2006లో షూ అనే పరిశోధకుడు సమీప పరారుణానికి బదులు హ్రస్వతరంగ పరారుణాన్ని పెట్టి సూత్రాన్ని సవరించాడు. నగరాల చెరువులకు ఆ సవరించిన సూత్రాన్నే ఎక్కువగా వాడతారు.

ఆచార్యురాలు: సరూర్‌నగర్ చెరువులోకి మురుగునీరు చేరుతోంది, మురుగు తిని గుర్రపుడెక్క దట్టంగా అల్లుకుంటుంది, నగరపాలక సంస్థ యంత్రాలు పెట్టి తీయిస్తే కొన్నాళ్లకు మళ్లీ కమ్ముకుంటుంది. ఆకు కింద ఆరడుగుల నీరున్నా సూచిక దాన్ని పచ్చిక బయలనే చెబుతుంది. గుర్రపుడెక్క తీయించిన వారంలో తీసిన చిత్రానికీ, తీయించక ముందు తీసిన చిత్రానికీ పది ఎకరాల తేడా వస్తే, మీ ఆఫీసులో ఏసీ గదిలో కూర్చున్న కుర్రవాడు దాన్ని కబ్జా అని రంగు వేస్తాడు. కొత్తపేట వైపు నుంచి చెరువు కట్ట మీదికి వెళ్లి ఒక్క సాయంత్రం నిలబడిన విద్యార్థి ఆ తప్పు చేయడు. పక్కనున్న అపార్టుమెంట్ల సంగతీ అంతే. ఈ ఉపగ్రహాలు మన మీదుగా ఉదయం పదిన్నర ప్రాంతంలో వెళ్తాయి. డిసెంబరులో ఆ వేళకు సూర్యుడు ఆగ్నేయాన వాలి ఉంటాడు కనుక నీడలు వాయవ్యానికి సాగుతాయి, నీడ పడిన మేడ చప్టా నీరుగా లెక్కలోకి వస్తుంది. ఒకచోట నీరు నేలైపోయింది, మరోచోట నేల నీరైపోయింది, రెండు తప్పులూ ఒకదాన్నొకటి కప్పుకుని మొత్తం విస్తీర్ణం సరిగ్గానే కనిపిస్తుంది. ఇది అన్నింటికన్నా పెద్ద ప్రమాదం.

నిర్వాహకుడు: గీత ఎక్కడ గీయాలో మనిషి ఇష్టానికి వదలకుండా ఉండేందుకే ఓట్సు పద్ధతి ఉంది కదా మేడమ్. 1979లో జపాన్ శాస్త్రవేత్త ఓట్సు ఇచ్చిన ఆ పద్ధతి చిత్రంలోని అన్ని గళ్ల విలువలనూ చూసి, రెండు గుంపులు ఒకదానికొకటి వీలైనంత దూరంగా విడిపోయే చోట తానే గీత పెడుతుంది. అక్కడ కుర్రవాడి ఇష్టానికి తావే లేదు.

ఆచార్యురాలు: ఆ పద్ధతికి అందించే చట్రం ఎవరు కత్తిరించారు? చెరువు చుట్టూ కొద్దిపాటి నేల చేర్చి కత్తిరిస్తే నీటిగుంపు, నేలగుంపు సమానంగా ఉండి గీత మధ్యలో పడుతుంది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి.నగర్ రింగ్ రోడ్డు దాకా మొత్తం చట్రంలోకి తెస్తే నేలగుంపు కొండంతై నీటిగుంపు పిడికెడై గీత నేలవైపు జరుగుతుంది. చట్రం మారితే చెరువు వైశాల్యం మారే పద్ధతిని నిష్పాక్షికమని ఎలా అంటాం?

ఈ ఒక్క అంశంలో ఆచార్యురాలి వాదానికి తిరుగులేదనే చెప్పాలి. యంత్రం తీసుకున్నట్టు కనిపించే నిర్ణయం వెనుక, ఏ నెల చిత్రం, ఎంత చట్రం, ఏ సూచిక అన్న నిర్ణయాలు మనిషి ముందే తీసుకుని ఉంటాడు. ఆ మనిషికి చెరువుతో పరిచయం లేకపోతే నిర్ణయాలు చెరువును బట్టి కాక అలవాటును బట్టి నడుస్తాయి. అయితే నిర్వాహకుడి పక్షాన కూడా ఒక బలమైన సాక్ష్యం ఉంది, అది 2020 అక్టోబరు వరద.

నిర్వాహకుడు: 2020 అక్టోబరు 13, 14 తేదీల్లో కురిసిన వానకు సరూర్‌నగర్ చెరువు కింది కాలనీలు మునిగాయి, కోదండరాంనగర్, సీసలబస్తీ ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. ఆ వరద మీద పరిశోధన చేసే విద్యార్థికి మామూలు చిత్రం పనికిరాదు, ఆ రోజుల్లో ఆకాశమంతా మబ్బే. మబ్బును దాటి చూసే రాడార్ చిత్రం కావాలి, సెంటినెల్-1 దాన్ని ఉచితంగా ఇస్తుంది. పుస్తకంలో ఏముంటుంది? నునుపైన నీటి మీద పడ్డ రాడార్ తరంగం అద్దం మీది వెలుగులా పక్కకు జారిపోతుంది కనుక నీరు నల్లగా కనిపిస్తుందని. విద్యార్థి నల్లటి గళ్లు ఏరి పటం వేస్తాడు. అందులో చెరువు ఉంటుంది, కోదండరాంనగర్ ఉండదు. మునిగిన వీధిలో తరంగం నీటిని తాకి, అక్కణ్నుంచి ఇంటి గోడను తాకి, తిరిగి ఉపగ్రహం వైపే వెళ్తుంది. దాన్ని ద్విపరావర్తనం అంటారు, దానివల్ల మునిగిన కాలనీ నల్లబడడానికి బదులు మామూలుకన్నా ఎక్కువ తెల్లగా మెరుస్తుంది. ఆ కాలనీలోనే పుట్టి, మోకాలి లోతు నీళ్లలో నడిచిన పిల్లవాడికి కూడా ఈ విషయం తెలియదు. ఊరు తెలిసినంత మాత్రాన చిత్రం తెలియదు మేడమ్. ఆ పిల్లవాడి పటంలో తన ఇల్లు పొడిగా ఉంటుంది.

ఆచార్యురాలు: ఆ మాట ఒప్పుకోవాల్సిందే. అయితే మీ దగ్గరికి వచ్చిన విద్యార్థికి ఈ వివరణ ఇచ్చి పంపుతున్నారా, పటం మాత్రమే ఇచ్చి పంపుతున్నారా?

నిర్వాహకుడు: అడిగినవారికి వివరణ కూడా ఇస్తాం. అడిగేవారు తక్కువ. థీసిస్ సమర్పించడానికి నెల ముందు వస్తారు, బైండింగ్‌కు ఇవ్వాల్సిన తేదీ చెబుతారు, పటాలు ఎన్ని అని అడుగుతారు. గైడ్లు కూడా యాక్యురసీ శాతం, కప్పా విలువ ఉన్నాయా అని చూసి సంతకం పెడతారు. ఆ అంకె ఎలా వచ్చిందని ఒక్క గైడైనా ఫోన్ చేసి అడిగితే ఈ వృత్తిలో ఉన్నవారికి అంతకన్నా గౌరవం లేదు.

యాక్యురసీ అంటే, వర్గీకరణ ఇచ్చిన జవాబును నేల మీది నిజంతో పోల్చి ఎన్ని గళ్లు సరిపోయాయో లెక్కించడం. కప్పా అంటే, యాదృచ్ఛికంగా సరిపోయే వాటిని మినహాయించి చూసే గుణకం. అమెరికా భూగర్భ సర్వే కోసం ఆండర్సన్ బృందం 1976లో రాసిన నివేదిక కనీసం 85 శాతం ఉండాలంది. అప్పటినుంచి ఆ అంకె ప్రపంచమంతటా ఉత్తీర్ణత మార్కులా స్థిరపడిపోయింది. అయితే పరీక్షకు ఎంచుకున్న గళ్లు చెరువు నడిబొడ్డులోనూ మేడల కప్పుల మీదా ఉంటే 95 శాతం సునాయాసంగా వస్తుంది. అవే గళ్లను ఒడ్డు వెంట ఎంచుకుంటే పరువు నిలవదు. కప్పా విలువ పరిశోధకులకు పెద్దగా చెప్పేదేమీ లేదని పాంటియస్, మిలోన్స్ 2011లోనే గట్టిగా వాదించారు, అయినా మన థీసిస్‌లలో అది ఇప్పటికీ సింహాసనం మీదే ఉంది. 2018లో యూజీసీ తెచ్చిన గ్రంథచౌర్య నియమాల కింద విశ్వవిద్యాలయాలు థీసిస్‌ను సాఫ్ట్‌వేర్‌తో పరీక్షించి పోలిక 10 శాతం దాటకుండా చూస్తాయి. ఆ సాఫ్ట్‌వేర్ పోల్చేది వాక్యాలను, పటం ఎవరు చేశారో అది చెప్పలేదు. జీవశాస్త్రంలో పరిస్థితి కొంత మారింది. 2016లో ఎలిజబెత్ బిక్ బృందం 20,621 వ్యాసాల్లోని చిత్రాలను కంటితో పరీక్షించి 3.8 శాతంలో అనుచితమైన పునరావృతాలు పట్టుకున్నాక, చిత్రాన్ని కూడా వాక్యంలాగే తనిఖీ చేయాలన్న స్పృహ పత్రికల్లో బలపడింది. భూగోళశాస్త్రపు పటానికి అలాంటి తనిఖీ ఇంకా రాలేదు. అది రావాలని గట్టిగా కోరుకోవాల్సిన అవసరం ఉంది.

ఆచార్యురాలు: హబ్సిగూడలోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో సూక్ష్మదర్శినుల విభాగం ఉంది. దాన్ని నడిపే నిపుణులు విద్యార్థి పక్కన కూర్చుంటారు, చిత్రం తీయడంలో సాయం చేస్తారు, ఏ అమరికతో తీశారో ఫైలులోనే నమోదవుతుంది. అమెరికాలో వేన్ రాస్‌బాండ్ తయారుచేసి 1997 నుంచి ఉచితంగా ఇస్తున్న ఇమేజ్‌జే సాఫ్ట్‌వేర్‌లో ఇచ్చిన ఆదేశాలను ఒక వరుసగా రికార్డు చేసుకునే వీలుంది. ఎవరైనా ఆ వరుసను మళ్లీ నడిపి అదే ఫలితం వస్తుందో లేదో చూడవచ్చు. నగరంలోని విశ్వవిద్యాలయాలకు ఉమ్మడిగా అలాంటి చిత్రవిశ్లేషణ విభాగం ఒకటి ఉండాలి. ఎన్‌ఆర్‌ఎస్‌సీ ఉన్న బాలానగర్, జేఎన్‌టీయూ, దిల్‌సుఖ్‌నగర్ మూడూ మెట్రో ఒకే ఎర్ర లైను మీద ఉన్నాయి, దూరం సాకు కాదు.

నిర్వాహకుడు: అది వచ్చేదాకా ఏం చేయమంటారు? ఈ జూన్‌లో సమర్పించాల్సిన విద్యార్థి అప్పటిదాకా ఆగలేడు. విభాగం వచ్చినా దానిలో పనిచేసేది ఈ సెంటర్లలో చేయి తిరిగినవారే. దానికన్నా ఇక్కడ జరిగే పనినే బయటపెట్టమనండి. పటాలు చేసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో ప్రాసెసింగ్ సాధనాలతో చేసిన ప్రతి అడుగూ చరిత్రగా నిలుస్తుంది, దాన్ని పటంతోపాటు ఇవ్వడం ఐదు నిమిషాల పని. ఏ తేదీ చిత్రం, ఏ చట్రం, ఏ సూచిక, గీత ఏ విలువ దగ్గర, అన్నీ అందులో ఉంటాయి.

ఆచార్యురాలు: అదొక్కటే చాలదు. ఒడ్డు మీది గళ్లకు మీరు రంగు వేయకండి. నీరు అని తేలినవి నీలం, నేల అని తేలినవి గోధుమరంగు, తేలనివి అలాగే ఖాళీగా ఉంచి ఇవ్వండి. విద్యార్థి జీపీఎస్ పట్టుకుని, చిత్రం తీసిన నెలలోనే చెరువు చుట్టూ నడిచి, ఖాళీ గడి ఒక్కొక్కటీ చూసి, తూము ఎక్కడుంది, అలుగు ఎక్కడ పారుతుంది, గుర్రపుడెక్క కింద నీరుందా లేదా అని కర్ర గుచ్చి చూసి, తానే రంగు వేయాలి. 30 మీటర్ల చిత్రంలో అవి వందకు అటూ ఇటూ ఉంటాయి, వారం పని. పాత సంవత్సరాల చిత్రాలకు నడక కుదరదు కనుక, సర్వే ఆఫ్ ఇండియా పటంతోనూ, చెరువు కింద తరాలుగా ఉన్నవారి మాటతోనూ సరిచూసుకుని, తేల్చలేనివాటిని తేలలేదనే రాయాలి.

నిర్వాహకుడు: ఖాళీ గళ్లతో ఉన్న పటాన్ని పని పూర్తికాలేదని విద్యార్థి వెనక్కి తెస్తాడు, పక్క వీధిలో నిండుగా రంగులు వేసి ఇచ్చే సెంటరుకు వెళ్తాడు. మీ విభాగం నుంచి ఇలాగే కావాలని రాతపూర్వకంగా వస్తే తప్ప ఇక్కడ ఏ ఆఫీసూ అలా ఇవ్వలేదు. ఇంకొకటి. పటం చేసినవారి పేరు థీసిస్‌లో ఎక్కడ వస్తుంది?

ఆచార్యురాలు: కృతజ్ఞతల పేజీలో.

నిర్వాహకుడు: ఆ పేజీలో తల్లిదండ్రుల పేర్లు, మిత్రుల పేర్లు ఉంటాయి. చేసిన పనికి బాధ్యత వహించాలంటే పేరు పటం కింద ఉండాలి, ఏ భాగం సంస్థ చేసింది, ఏ భాగం విద్యార్థి చేశాడు అని పద్ధతుల అధ్యాయంలో రాయాలి. అలా రాస్తే థీసిస్‌ను తిరస్కరిస్తారన్న భయంతోనే విద్యార్థులు సెంటర్ పేరు దాస్తున్నారు. దాచినన్నాళ్లూ ఇక్కడివారు తప్పు చేసినా పట్టుకునే దారి ఎవరికీ లేదు.

ఈ చివరి అంశం మీద ఇద్దరికీ పొత్తు కుదరలేదు. బయటివారి సాయాన్ని పద్ధతుల అధ్యాయంలో రాయనిస్తే అమ్మకాన్ని అధికారికం చేసినట్టవుతుందని ఆచార్యురాలి అభ్యంతరం. రాయనివ్వకపోతే అబద్ధాన్ని అధికారికం చేసినట్టవుతుందని నిర్వాహకుడి జవాబు. చెరువును ప్రేమించే వారికి, ఆ చెరువు కింద ఇల్లు కట్టుకుని ప్రతి వానాకాలం గుండె చిక్కబట్టుకునే వారికి, రెండో జవాబే ఎక్కువ మేలు చేస్తుంది. ఎందుకంటే గీత ఎవరు గీశారో తెలిసిన పటాన్నే ఎవరైనా నిలదీయగలరు. ఖాళీ గళ్ల పటాన్ని తప్పనిసరి చేస్తూ విభాగం పేరిట ఒక ఉత్తరం రాయడానికి ఆచార్యురాలు ఒప్పుకున్నారు, అలాంటి ఉత్తరం తెచ్చిన విద్యార్థికి అడుగుల చరిత్రతో సహా ఫైలు ఇవ్వడానికి నిర్వాహకుడు ఒప్పుకున్నాడు. పేరు ఏ పేజీలో రావాలన్న సంగతిని వచ్చే బోర్డ్ ఆఫ్ స్టడీస్ సమావేశపు ఎజెండాలో పెట్టాలని ఆమె, ఆ సమావేశానికి సెంటర్ల తరఫున ఒకరిని పిలవాలని అతను పట్టుబట్టారు.